3.8 కోట్ల రికార్డులు, ఆన్ చేయని ఒక సెట్టింగ్

2021 ఆగస్టులో అప్‌గార్డ్ అనే సైబర్ భద్రతా సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. 47 సంస్థలకు చెందిన 3.8 కోట్ల రికార్డులు పాస్‌వర్డ్ అడగకుండానే ఇంటర్నెట్‌లో తెరుచుకుంటున్నాయని తేల్చింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఫోర్డ్, ఇండియానా రాష్ట్రం, మేరీలాండ్ ఆరోగ్య శాఖ ఆ జాబితాలో ఉన్నాయి. కొవిడ్ కాంటాక్ట్ ట్రేసింగ్ వివరాలు, టీకా అపాయింట్‌మెంట్లు, కొన్నిచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా అలా బయటపడ్డాయి.

ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఆ రికార్డులున్నవన్నీ మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌తో, అంటే కోడ్ పెద్దగా రాయకుండా యాప్‌లు తయారుచేసే లో-కోడ్ పద్ధతిలో, కట్టిన పోర్టళ్లు. డేటా ఫీడ్‌ను తెరిచినవారు టేబుల్ పర్మిషన్లను విడిగా ఆన్ చేయాలి. చేయకపోతే ఆ డేటా అందరికీ కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సొంత పోర్టళ్లు కూడా ఇందులో దొరికాయి. ఒక్క జీతాల సేవల పోర్టల్‌లోనే 3,32,000 రికార్డులు. సాధనం చేసినవాళ్లకే తప్పిపోయిన సెట్టింగ్‌ను హెచ్‌ఆర్ ఉద్యోగి గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ పర్మిషన్లు మొదటి నుంచే ఆన్‌లో ఉండేలా మార్చింది. ఇలాంటి యాప్‌లకు నియమాలు పెట్టి నడిపే గవర్నెన్స్ అసలు పని ఇదే: ఏమీ ముట్టుకోకుండా వదిలేసినా సురక్షితంగా ఉండేలా అమర్చడం.

పవర్ యాప్స్ భాగంగా ఉన్న పవర్ ప్లాట్‌ఫామ్‌లో లైసెన్సున్న ప్రతి ఉద్యోగికీ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే చోట, యాప్ చేసే హక్కు దానంతటదే వస్తుంది. దాన్ని చిన్నచిన్న సొంత పనులకు వదిలి, శాఖ మొత్తం వాడే యాప్‌లకు తయారీ, పరీక్ష, వాడకం అని 3 ఎన్విరాన్‌మెంట్లు పెట్టడం మేలు. డేటా పాలసీలో కనెక్టర్లను, అంటే యాప్‌ను ఇతర సేవలతో కలిపే భాగాలను, బిజినెస్, నాన్-బిజినెస్, నిషిద్ధం అని విడదీయవచ్చు. మొదటి రెండు రకాలనూ ఒకే యాప్‌లో కలపనివ్వదు. ఆఫీసు షేర్‌పాయింట్ నుంచి సొంత డ్రాప్‌బాక్స్‌కు ఫైళ్లు వెళ్లే దారి అక్కడే మూసుకుపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం 500 అనే అంకె. షేర్‌పాయింట్ లిస్టులోని బిల్లులను కూడే పవర్ యాప్, మార్చకపోతే మొదటి 500 వరుసలనే తీసుకుంటుంది. పెంచినా 2,000 దాటదు. తయారుచేసేవారికి హెచ్చరిక కనబడుతుంది. వాడేవారికి తప్పు మొత్తమే కనబడుతుంది. వరుసల పరిమితి ఎంత నష్టం చేస్తుందో ముందే చూశాం: 2020లో ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్‌కున్న 65,536 వరుసల పరిమితి వల్ల 15,841 కొవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. ఆ రోగులను కలిసినవారి ఆచూకీ తీయడమూ అంతే ఆలస్యమైంది. డబ్బు, ఆరోగ్యం, వ్యక్తిగత వివరాలు ముట్టుకునే యాప్‌ను ఐటీ విభాగం చూడకుండా వాడకంలోకి వదలకూడదనడానికి నాకు ఈ కారణం చాలు. టిఫిన్ ఆర్డర్ల యాప్‌కు ఆ తంతు అక్కర్లేదు. అన్నిటికీ ఒకే అనుమతి పెడితే జనం మళ్లీ ఎక్సెల్‌కే వెళ్తారు.

మొదటి వారంలో చేయాల్సింది అడ్మిన్ సెంటర్‌లో జాబితా తీయడం. ఏ యాప్ ఎవరిది, ఏ డేటా వాడుతుంది, ఎందరు వాడుతున్నారు? ప్రతిదానికీ ఇద్దరు బాధ్యులుండాలి. ఒకరు ఉద్యోగం మానినా యాప్ అనాథ కాకూడదు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. యాప్‌ను ప్రోగ్రామర్ రాశారా, అకౌంట్స్ ఉద్యోగి చేశారా అనే తేడా ఆ చట్టంలో లేదు.