ఓయి, ఓరి, ఓసి



విభక్తులు వల్లించినవారికి చివరి పంక్తి జ్ఞాపకముండకపోదు. ఓ, ఓయి, ఓరి, ఓసి యను నాలుగును సంబోధనకు వచ్చును. ముప్పదియేండ్లకు మించి పిల్లలచేత ఆ పంక్తిని చెప్పించితిని గాని, అందొక మెట్ల వరుస గలదని చాలకాలమునకు గాని నాకు తోచలేదు. 'ఓ' యనునది దేవునికిని రాజునకును చెల్లును. 'ఓయి' సమానునకు. 'ఓరి' పురుషునకు, 'ఓసి' స్త్రీకి. ఈ రెండును చిన్నవారికో, తక్కువగా నెంచబడినవారికో, లేక మిక్కిలి ప్రియమైనవారికో. తిట్టునకును ముద్దునకును ఒకే మాట చాలుచున్నది! వాడుకలో నివియే ఒరే, ఒసే యైనవి. మాట చివరకు 'ఏమిరా', 'ఏమే' యని మరి రెండు తోకలును గలవు.

గద్వాల, వనపర్తి నిజాము రాజ్యములోని సంస్థానములు. నాగర్‌కర్నూలు వాని పొరుగు. 2016లో ఈ మూడును జిల్లా కేంద్రములైనవి. ఇచ్చట ప్రజల నోట తెలుగు. నాటి రాజ్యమున కచేరీభాష ఉర్దూ. గద్వాలకు పడమట రాయచూరి కన్నడము. తుంగభద్ర కావల కర్నూలు మాట. కావున ఈ సీమ సంతలలో అన్నా, భాయీ, ఏమప్పా, కన్నడిగుని 'ఏనలే' యను పిలుపులన్నియు నొక్కచోటనే వినవచ్చును. కాని దొర యెదుట మాత్రము వినవచ్చిన మాట యొక్కటే: 'బాంచెను', అనగా నీ బానిసను.

స్నేహితుల పిలుపులలో నొక వింత గలదు. మనవారు మిత్రుని బావా, మామా యందురు. తమిళులు మచ్చాన్ అనియు, మలయాళులు అళియా యనియు పిలుతురు. ఇవన్నియు వియ్యపు వరుసలు. పరిహాసమునకు హక్కుగల చుట్టరికములు. అన్నతో అంత చనువు కూడదు గదా! ఇక ఉర్దూలో 'సాలా' యనగా భార్య సోదరుడే. తమిళుని మచ్చాన్ ఆ చుట్టమునకును చెల్లును. అచ్చట ముద్దైనది యిచ్చట తిట్టైనది. మేనరికములుగల మనలో పిల్ల నిచ్చినవారును పుచ్చుకొన్నవారును ముందే బంధువులు. ఉత్తరాది యాచారమున పిల్ల నిచ్చినవాడు ఒక మెట్టు తక్కువ. తిట్టు ఆ మెట్టులో నున్నది.

ఫ్రాన్సు విప్లవకారులు 1793లో ఈ మెట్లను పడగొట్టదలచిరి. గౌరవమునకు వాడు 'వూ'ను విడిచి, ఎల్లరును 'త్యూ', అనగా నీవు, అనుకొనవలెనని పూనిరి. కొన్నేండ్లకే యది సడలెను. ఆస్ట్రేలియావారి 'మేట్' అట్లు సడలలేదు. 2005లో పార్లమెంటు భవనపు కావలివారు వచ్చినవారిని ఆ మాటతో పిలువరాదని ఉత్తరువు వెలువడగా, దేశమంతయు గగ్గోలుపడి, ఒక్క దినములోనే దానిని రద్దుచేయించెను. మన బస్సులలో నేడు ముక్కుమొగ మెరుగనివానిని 'అన్నా' యనుట యింకొక త్రోవ: ఎవరిని దింపకయే అందరిని ఒక మెట్టెక్కించుట.

స్త్రీల సంగతి వేరొక ప్రసంగమునకు చాలును. భర్త 'ఏమే' యనును; భార్య 'ఏమండీ' యనవలెను.

1960ల చివర మా యింట నొక వృద్ధుడు జీతముండెను. మా తాతకంటె పెద్దవాడు. ఏడేండ్ల నేను 'ఏమిరా, ఇటు రా' యని పిలిచెడివాడను. అతడు నన్ను 'అయ్యా' యనెడివాడు. ఎవరును నన్ను వారింపలేదు. అతని మనుమడు నా యీడువాడు. గోలీలాటలో నేను ఒరే యన్నచో వాడును ఒరే యనెడివాడు. ఒకనాడది మా పెద్దల చెవిని బడెను, వానిని కొట్టిరి. మొదట అన్నవాడను నేనే; నాకు దెబ్బ పడలేదు. అటుపిమ్మట వాడు నన్ను ఏమనియు పిలువలేదు. వచ్చి ఎదుట నిలుచువాడు. పిలుపునందలి తప్పు మాటలో లేదనియు, దానిని తిరిగి యనుటకు ఎదుటివానికి హక్కున్నదా లేదా యనుటలోనే యున్నదనియు నాకు నేర్పినది వ్యాకరణము కాదు, ఆ గోలీలాట.

కొన్నేండ్ల క్రిందట వనపర్తి బస్సుస్టాండులో నతడు కనబడెను. తల నా తలవలెనే నెరసినది. ఏమని పిలువవలెనో తోచక నిలిచితిని. అతడే 'సారూ, బాగున్నరా' యనెను. 'నన్ను ఒరే యనరా' యంటిని. నవ్వెను గాని యనలేదు. అంతలో అతని బస్సు వచ్చెను.