బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో యాంటీఆక్సిడెంట్ గోలీలు: అడగకుండా ఎందుకు ఇవ్వకూడదు?

క్యాన్సర్ మందు అంటే కణాలను చంపే మందనే చాలామంది అనుకుంటారు. ఏపీఎల్ అనే ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో మాత్రం సంగతి వేరు. ఈ జబ్బులో తెల్ల రక్తకణాలు సగం ఎదిగి ఆగిపోతాయి. పనికి రావు, కానీ సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంటుంది. విటమిన్ ఏ నుంచి తయారైన ఆట్రా అనే మందు వాటిని మళ్లీ ఎదిగేలా చేస్తుంది. ఎదిగిన కణం కొద్ది రోజులకు తనంతట తానే చనిపోతుంది. షాంఘైలో డాక్టర్ వాంగ్ జెన్యీ బృందం 1988లో 24 మంది రోగుల వివరాలు ప్రచురించింది. అందరిలోనూ జబ్బు అదుపులోకి వచ్చింది. ఒక్కరికి మాత్రం అదనంగా కీమో మందు కావాల్సి వచ్చింది.

కణం ఎదిగేటప్పుడు లోపల జన్యువుల పని కూడా మారిపోతుంది. ఒక లుకేమియా రోగి నుంచి 1970లలో తీసి, ఇప్పటికీ ల్యాబుల్లో పెంచుతున్న హెచ్ఎల్-60 కణాల్లో దీన్ని బాగా గమనించారు. ఎదిగిన తెల్లకణం పని క్రిములను చంపడం. అందుకు సూపరాక్సైడ్ అనే ఘాటైన పదార్థాన్ని తయారుచేసే జన్యువులు మేల్కొంటాయి. మరి ఆ ఘాటుకు కణమే కాలిపోకూడదు కదా! అక్కడే యాంటీఆక్సిడెంట్ ఎంజైములు పనిచేస్తాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ దాన్ని నీళ్లుగా విడగొడతాయి. ఇవన్నీ కలిసి పెరగవు, కలిసి తగ్గవు. కణాన్ని ఏ మందుతో ఎదిగించారన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది.

ఇది ల్యాబ్ ముచ్చటే అనుకుంటే పొరపాటు. ఏపీఎల్‌కు ఇప్పుడు ఆట్రాతో పాటు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ కూడా ఇస్తున్నారు. పాత హకీములు సంఖియా అన్నది ఇదే. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ముప్పు తక్కువగా ఉన్న రోగుల్లో ఈ జంట మందులు తీసుకున్నవారిలో రెండేళ్లకు 97 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా బతికున్నారు. ఆట్రాతో కీమో తీసుకున్నవారిలో అది 86 శాతం. ఏపీఎల్ కణాల్లో కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ తక్కువ. అందుకే ఆర్సెనిక్ ఇస్తే పెరాక్సైడ్ పేరుకుపోయి అవి చనిపోతాయని 1999లో పరిశోధకులు చూపించారు. అదే ల్యాబులో గ్లూటాథయోన్‌ను పెంచే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపితే క్యాన్సర్ కణాలు తప్పించుకున్నాయి! విచిత్రమేంటంటే, యాంటీఆక్సిడెంట్‌గా పేరున్న విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఆర్సెనిక్‌కే బలమిచ్చింది.

అంటే డబ్బా మీద రాసిన పేరు చూసి మంచీ చెడూ చెప్పలేం. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గోలీలు, మల్టీవిటమిన్లు, కలోంజీ నూనె, తెలిసినవాళ్లు ఇచ్చిన మాజూన్... రోగికి ఏది ఇస్తున్నా ముందు డాక్టరుకు చెప్పాలి. ఆట్రాకు బదులు మామూలు విటమిన్ ఏ గోలీలు అస్సలు పనికిరావు, ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. ఆట్రా, ఆర్సెనిక్ వాడుతున్నప్పుడు జ్వరం, ఆయాసం, ఉన్నట్టుండి బరువు పెరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.