స్మార్ట్ ట్రైనర్ మీద నాలుగు నెలలు: గదిలో సైకిల్ తొక్కితే నిజంగా ఫిట్‌నెస్ వస్తుందా?

సైకిల్ ట్రైనర్ అనగానే చాలామంది మొదట అడిగేది ఒకటే: "జిమ్‌లో ఉండే సైకిలే కదా, దానికి అంత రేటెందుకు?" అది వేరు, ఇది వేరు. ట్రైనర్ అంటే సైకిల్ కాదు. మీ సైకిల్‌నే కదలకుండా పట్టుకుని, రోడ్డు మీద కాళ్లకు తగిలే బరువును గదిలో పెట్టే మెషీన్. మీ సీటు, మీ హ్యాండిల్, మీ గేర్లు అన్నీ మీవే. స్మార్ట్ ట్రైనర్ అయితే మీరు ఎన్ని వాట్ల పవర్ పెడుతున్నారో కొలిచి బ్లూటూత్ ద్వారా యాప్‌కి పంపిస్తుంది. యాప్ చెప్పినప్పుడు బరువు పెంచుతుంది, తగ్గిస్తుంది.

నేను దీని జోలికి వెళ్లడానికి కారణం గ్యాడ్జెట్ మోజు ఒక్కటే కాదు. 31 ఏళ్లకే ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్ అంటారు. మా నాన్నకు నలభై దాటగానే షుగర్ మొదలైంది కాబట్టి ఆ కాగితాన్ని పక్కన పడేయలేకపోయాను. నా షిఫ్ట్ అయ్యేది రాత్రి ఒంటిగంటన్నరకు. ఆ టైమ్‌లో ఉప్పల్ వైపు సైకిల్ తొక్కితే వీధి కుక్కలే మనకు ఇంటర్వెల్ ట్రైనింగ్ ఇస్తాయి. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వచ్చింది, బాగుంటుంది కూడా. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు. నాకు వెళ్లి రావడానికే ఒక పూట పోతుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఒక డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ 28 వేలకు తీసుకున్నాను.

వీటిలో రెండు రకాలు. వీల్ ఆన్‌లో వెనక చక్రం అలాగే ఉంటుంది, టైరు ఒక రోలర్‌కి ఆనుకుని తిరుగుతుంది. చవక. కానీ టైరులో గాలి కొంచెం తగ్గినా, రోలర్ మీద జారినా వాట్ల లెక్క మారిపోతుంది. అందుకే కాసేపు తొక్కి వేడెక్కాక క్యాలిబ్రేట్ చేసుకోవాలి. టైరు కూడా త్వరగా అరుగుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా ట్రైనర్ మీదున్న క్యాసెట్‌కి తగిలిస్తాం. లోపల బెల్ట్, బరువైన ఫ్లైవీల్, విద్యుదయస్కాంతం ఉంటాయి. వాహూ కిక్కర్ కోర్ లాంటి వాటిలో పవర్ లెక్క తేడా 2 శాతం లోపే అని కంపెనీ చెప్తుంది.

మన దగ్గర ఒక చిక్కు ఉంది, రివ్యూల్లో ఎవరూ చెప్పరు. తక్కువ బడ్జెట్ హైబ్రిడ్, ఎంటీబీ సైకిళ్లలో చాలావాటికి మరతో బిగించే 7 స్పీడ్ ఫ్రీవీల్ ఉంటుంది. దాన్ని ఊడదీసి ట్రైనర్ మీద పెట్టలేం. విడిగా 7 స్పీడ్ క్యాసెట్ కొని, స్పేసర్ వేసి బిగించుకోవాలి. వెనక యాక్సిల్ క్విక్ రిలీజా, నట్టుతో బిగించేదా, త్రూ యాక్సిలా అన్నది కూడా ముందే చూసుకోండి. ఆర్డర్ పెట్టాక చూస్తే ప్రయోజనం లేదు.

ఇక అసలు విషయం, వేడి. మనిషి శరీరం సైకిల్ తొక్కేటప్పుడు ఖర్చు పెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది 20 నుంచి 25 శాతమే. అంటే నేను 150 వాట్లు తొక్కుతుంటే ఒంట్లోంచి 450 నుంచి 600 వాట్ల వేడి బయటికి రావాలి. రోడ్డు మీద ఎదురుగాలి ఆ వేడిని లాక్కుపోతుంది. గదిలో గాలి కదలదు. సీలింగ్ ఫ్యాన్ అస్సలు చాలదు. మే నెలలో ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఒకే 140 వాట్లు, ఒకే 40 నిమిషాలు. ముందు పెడెస్టల్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టినప్పుడు చివర్లో గుండె వేగం 143. మర్నాడు ఫ్యాన్ లేకుండా 162. కాళ్ల పని అదే, గుండె పని మాత్రం వేరు. గంట తొక్కాక బరువు చూసుకుంటే 1.1 కిలో తగ్గింది. అది కొవ్వు కాదు, చెమట. కాబట్టి వెయ్యి రూపాయల యాప్ కన్నా ముందు మంచి ఫ్యాన్ కొనండి. హ్యాండిల్ మీద తువ్వాలు వేయండి, చెమట ఉప్పు హెడ్‌సెట్ బోల్టుల్ని తినేస్తుంది.

ట్రైనింగ్ సంగతికొస్తే అన్నిటికీ మూలం ఎఫ్‌టీపీ. దాదాపు గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ పవర్ అనుకోండి. ర్యాంప్ టెస్ట్‌లో ప్రతి నిమిషం బరువు పెరుగుతూ పోతుంది, ఇక తొక్కలేనంత వరకు. చివరి నిమిషం సగటులో 75 శాతం మీ ఎఫ్‌టీపీ. నాకు మొదటిసారి 208 వాట్ల దగ్గర కాళ్లు ఆగిపోయాయి, అంటే 156. అప్పుడు నా బరువు 72 కిలోలు, కిలోకి 2.17 వాట్లు. గొప్ప నంబరేమీ కాదు.

ఎర్గ్ మోడ్ అని ఒకటుంది. యాప్ 200 వాట్లు అంటే మీరు ఏ గేర్‌లో ఉన్నా ట్రైనర్ 200 దగ్గరే పట్టుకుంటుంది. ఇది చాలా హాయి, ఒక్క ప్రమాదం తప్ప. పవర్ అంటే బలం, వేగం కలిస్తే వచ్చేది. నిమిషానికి 90 సార్లు తిప్పుతూ 200 వాట్లు పెట్టేటప్పటి కన్నా, 60కి పడిపోయినప్పుడు అవే 200 వాట్లకు ఒకటిన్నర రెట్లు బలం కావాలి. అలసిపోయి స్పీడ్ తగ్గిస్తే పెడల్ బరువెక్కుతుంది. బరువెక్కింది కదా అని ఇంకా నెమ్మదిస్తే ఇంకా బరువెక్కుతుంది. అంతే, చివరికి సిమెంట్‌లో కాలు పెట్టినట్టు అవుతుంది. అలసట మొదలవగానే స్పీడ్ పెంచాలి, లేదంటే ఆ ఇంటర్వెల్ వదిలేయాలి.

యాప్‌ల విషయంలో జ్విఫ్ట్ అందరికన్నా పెద్దది, అమెరికా ధర నెలకు 19.99 డాలర్లు. మన జేబుకి అది ఎక్కువే. మైవూష్ మాత్రం ఉచితం, 2024లో యూసీఐ ఈస్పోర్ట్స్ ప్రపంచ పోటీలు జరిగింది దాని మీదే. ఇది ఆటలే అని తీసిపారేయకండి: 2020లో జ్విఫ్ట్ మీద మొదటి ప్రపంచ పోటీ గెలిచిన జర్మనీ రోయర్ జేసన్ ఓస్‌బోర్న్‌కి ఆ తర్వాత ప్రొఫెషనల్ రోడ్ టీమ్‌లో చోటు దొరికింది. నాకైతే వర్చువల్ దీవులకన్నా అనంతగిరి ఘాటే ఇష్టం. బయట రికార్డు చేసిన ఆ రూట్‌ని బైక్ కంప్యూటర్‌లో వేసుకుంటే, ఎత్తు వచ్చిన చోటల్లా ట్రైనర్ బరువు పెంచుతుంది. ఆదివారం వికారాబాద్ వెళ్లకుండానే ఆ ఘాటు కాళ్లకు తెలుస్తుంది. కనెక్ట్ కాకపోతే ఫోన్‌లో వెనక నడుస్తున్న పాత యాప్‌ని ముందు మూసేయండి. చాలా ట్రైనర్లలో బ్లూటూత్ కంట్రోల్ ఒక యాప్‌కే దొరుకుతుంది.

శబ్దం తక్కువే, కానీ స్లాబ్ గుండా అదురు దిగుతుంది. రెండో వారంలోనే కింది ఫ్లాట్ ఆంటీ లిఫ్ట్ దగ్గర ఆపారు. "బాబూ, అర్ధరాత్రి మిక్సీ వేస్తున్నారా మీరు? మా షెల్ఫ్‌లో గ్లాసులు గలగలమంటున్నాయి." మందపాటి రబ్బరు మ్యాట్ కింద పాత కార్పెట్ మడతపెట్టి వేశాక ఆ గొడవ పోయింది. ఇప్పుడు ఆవిడ కనిపించినప్పుడల్లా "ఎన్ని కిలోమీటర్లయింది?" అని అడుగుతారు. కరెంటు పోతే చాలా ట్రైనర్లు చేతులెత్తేస్తాయి. టాక్స్ నియో లాంటివి ప్లగ్ లేకున్నా పనిచేస్తాయి గానీ ధర వేరే లెవెల్. నేను ట్రైనర్‌ని, వైఫై రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి మార్చాను.

వారానికి నాలుగు రోజులు, రోజుకు 45 నుంచి 60 నిమిషాలు. పది వారాల తర్వాత ర్యాంప్ టెస్ట్ 244 వరకు వెళ్లింది, అంటే ఎఫ్‌టీపీ 183. నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ 5.8. ఆ క్రెడిట్ మొత్తం ట్రైనర్‌కి ఇవ్వలేను, ఎందుకంటే రాత్రి ఒంటిగంటకు తినే బిర్యానీ కూడా అప్పుడే మానేశాను. నంబరు ఇంకా గీత దాటి కిందికి రాలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ టెస్ట్ ఉంది. గుంత చూసి తప్పుకోవడం, ఎదురుగాలిలో పోవడం, లారీ పక్కన నిటారుగా నిలబడటం మాత్రం ఇది నేర్పదు. రోడ్డెక్కిన మొదటి రోజు భుజాలు, మెడ పట్టేశాయి, కాళ్లు మాత్రం "ఇంతేనా" అన్నాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అమ్మేవాళ్ల ఇంట్లోనే మీ సైకిల్ బిగించి పది నిమిషాలు తొక్కండి. గరగర వినిపిస్తే బేరింగ్ అనుమానం, గట్టిగా తొక్కినప్పుడు జారినట్టు అనిపిస్తే బెల్ట్ అనుమానం. ఒరిజినల్ పవర్ అడాప్టర్ ఉందో లేదో అడగండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వాళ్ల ముందే చేయించండి. అవన్నీ ఓకే అయితే బేరం మొదలుపెట్టండి, ఫ్యాన్‌కి ఒక మూడు వేలు పక్కన పెట్టుకుని.