అవయవదానం: ముందు మాట మన ఇంట్లోనే



కొన్నేళ్ళ క్రితం సంగతి. మన సంఘ కుటుంబానికి చెందిన ఒక అబ్బాయి గ్రానైటు క్వారీలో పని ముగించుకుని, రాత్రివేళ మోటారు సైకిలు మీద ఇంటికి వస్తూ కర్నూలు రోడ్డులో ప్రమాదానికి గురయ్యాడు. తలకు హెల్మెట్ లేదు. మన క్యాజువాలిటీలో ప్రథమ చికిత్స చేసి, గొంతులో గొట్టం వేసి, పెద్ద ఆసుపత్రికి పంపించాము. మూడో రోజు అర్ధరాత్రి ఆ తల్లి ఫోను చేసింది.

"సిస్టరమ్మా, బాబు బ్రెయిన్ డెడ్ అయ్యాడంటున్నారు. అవయవాలు ఇస్తారా అని అడుగుతున్నారు. గుండె కొట్టుకుంటూనే ఉంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఏం చేయమంటారు?"

"మీ ఇష్టం అమ్మా, ప్రార్థన చేసుకోండి" అని మాత్రమే చెప్పగలిగాము. నిజం చెప్పాలంటే అప్పటికి ఆ సంగతి మాకూ సరిగా తెలియదు. వాళ్ళు వద్దన్నారు. మరునాడు ఆ అబ్బాయి గుండె ఆగిపోయింది.

ఏడాది తరువాత స్త్రీల సమాజం కూడికలో, డయాలసిస్ మీద ఉన్న ఒక సోదరి కోసం అందరం ప్రార్థన చేశాము. కూడిక అయిపోయాక ఆ తల్లి మా పక్కన కూర్చుని మెల్లగా అంది. "ఆ రాత్రి తెలియక కాదన్నాను సిస్టరమ్మా. అంతా తెలిసి కాదని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు."

ఆ మాట మాకు తగిలింది. నిర్ణయం వారిదే, అందులో సందేహం లేదు. కాని తెలియజెప్పవలసిన పని మాది. ఆ పని ఆ రాత్రి మేము చేయలేదు. అందుకే ఈ వ్యాసం.

జీవన్మృతి అంటే ఏమిటి?

బ్రెయిన్ డెడ్‌నే మన పత్రికలు జీవన్మృతి అని రాస్తున్నాయి. ఇది కోమా కాదు. కోమాలో ఉన్నవారి మెదడు కొంత పనిచేస్తూనే ఉంటుంది, వారు కోలుకునే అవకాశం ఉంది. జీవన్మృతిలో మెదడు కాండం శాశ్వతంగా పనిచేయడం మానేస్తుంది. ఊపిరి తీసుకొమ్మని ఆజ్ఞ ఇచ్చేది ఆ భాగమే. అది పోతే మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు.

మరి గుండె ఎందుకు కొట్టుకుంటుంది? గుండెకు సొంతంగా కొట్టుకునే శక్తి ఉంది. వెంటిలేటరు గాలి పంపుతున్నంతసేపు, రక్తంలో ఆక్సిజను ఉన్నంతసేపు అది కొట్టుకుంటుంది. బోరు మోటారు కాలిపోయిన తరువాత కూడా కాలువలో ఉన్న నీరు మిరప చేనులోకి కాసేపు పారుతుంది గదా, అలాంటిదే. కొన్ని గంటలకో కొన్ని రోజులకో అదీ ఆగుతుంది.

ఈ మరణాన్ని ఒక్క డాక్టరు నిర్ధారించడానికి వీలు లేదు. నలుగురు డాక్టర్లు సంతకం చేయాలి. కంట్లో టార్చి వేసి చూస్తారు. కంటిపొరను దూదితో తాకుతారు. చెవిలో చల్లని నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయేమో చూస్తారు. గొంతులో గొట్టం ఆడించి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివరికి కొన్ని నిమిషాలు వెంటిలేటరు తప్పించి, తనంతట ఊపిరి వస్తుందేమో కనిపెడతారు. ఈ పరీక్షలన్నీ ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. ముఖ్యమైన మాట ఏమిటంటే, అవయవ మార్పిడి చేసే డాక్టర్లు ఈ నలుగురిలో ఉండకూడదు. 1994లో పార్లమెంటు, 1995లో మన రాష్ట్రం చేసిన చట్టాలు వచ్చినది ఇలాంటి రక్షణ కోసమే.

అవయవాలు సేకరించే సర్జను

మన నర్సింగ్ స్కూలులో చదివి, ఇప్పుడు ఒక పెద్ద నగరంలో ఆపరేషన్ థియేటరులో పనిచేస్తున్న మన అమ్మాయి ఒకతె సెలవులకు వచ్చినప్పుడు ఈ పని ఎలా జరుగుతుందో మాకు వివరంగా చెప్పింది.

ఈ పని చేసే సర్జను ఎం.బి.బి.ఎస్. అయిదున్నర సంవత్సరాలు, ఎం.ఎస్. మూడేళ్ళు, ఆ తరువాత గుండె, కాలేయం, మూత్రపిండాలు వంటి ఒక విభాగంలో ఎం.సిహెచ్. మరో మూడేళ్ళు చదివి, అవయవ మార్పిడిలో వేరుగా శిక్షణ పొంది ఉంటారు. పిలుపు ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది. గుండె ఒక ఊరికి, కాలేయం మరో ఊరికి వెళ్ళవలసి ఉంటే రెండు మూడు బృందాలు దాత ఉన్న ఆసుపత్రికి వస్తాయి.

అప్పటి వరకు దాతను నర్సులు జీవించి ఉన్న రోగిని చూసినట్టే చూస్తారు. బి.పి. పడిపోకుండా మందులు, సెలైను, ఒళ్ళు చల్లబడకుండా దుప్పటి, కళ్ళు ఎండిపోకుండా మందు. థియేటరులోకి తీసుకువెళ్ళాక సర్జను ముందుగా మరణ ధ్రువపత్రం, కుటుంబం సంతకం చేసిన అంగీకార పత్రం చదువుతారు. ఆ కాగితం లేకపోతే కత్తి ముట్టుకోరు. తరువాత అందరూ తల వంచి ఒక నిమిషం మౌనంగా నిలబడతారు. "ఆ ఒక్క నిమిషం మా థియేటరు గుడిలా ఉంటుందమ్మా" అని ఆ అమ్మాయి చెప్పింది.

ఛాతీ, పొట్ట తెరిచి ప్రతి అవయవాన్నీ కంటితో చూసి, చేతితో తాకి పరీక్షిస్తారు. గుండె బాగుందని ఇక్కడి సర్జను ఫోనులో చెప్పిన తరువాతే అక్కడ గుండె అవసరమైన రోగికి ఆపరేషను ముందుకు సాగుతుంది. తరువాత రక్తం గడ్డకట్టకుండా మందు ఇచ్చి, పెద్ద ధమనికి క్లాంపు వేసి, చల్లని ద్రవాన్ని రక్తనాళాల ద్వారా పంపుతారు. అప్పుడు గుండె ఆగుతుంది. వెంటిలేటరు తీసివేస్తారు. ముందు గుండె, ఊపిరితిత్తులు, తరువాత కాలేయం, చివరకు మూత్రపిండాలు తీస్తారు. ఒక్కొక్కదాన్ని మూడు పొరల స్టెరైల్ సంచుల్లో ఉంచి ఐసు పెట్టెలో పెడతారు. చుక్కల మందు తెచ్చే పెట్టె మీరందరూ చూసినదే, ఇదీ అలాంటిదే. ఐసు అవయవానికి నేరుగా తగలకూడదు, తగిలితే పాడవుతుంది.

పెట్టెలు బయలుదేరాక కూడా పని మిగిలే ఉంటుంది. కోసిన చోట, ప్రాణమున్న రోగికి వేసినట్టే, వరుసగా కుట్లు వేస్తారు. ఒళ్ళు తుడిచి, కట్టు కట్టి, శుభ్రమైన బట్ట కప్పి బంధువులకు అప్పగిస్తారు. ప్రభువు దేహాన్ని అడిగి తీసుకుని నారబట్టతో చుట్టిన అరిమతయియ యోసేపు మాకు గుర్తుకు వచ్చాడు. దేహాన్ని గౌరవించడం అంటే ఏమిటో ఆ సర్జనులకూ తెలుసు.

అంత తొందర ఎందుకు?

బయటకు తీసిన గుండెను, ఊపిరితిత్తులను నాలుగు నుండి ఆరు గంటల లోపల అమర్చాలి. కాలేయానికి పన్నెండు గంటల వరకు, మూత్రపిండాలకు ఒక రోజు వరకు వ్యవధి ఉంటుంది. అందుకే పోలీసువారు రోడ్డు ఖాళీ చేయించి గ్రీన్ ఛానల్ ఇస్తారు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఏకంగా మెట్రో రైలునే వాడారు. నల్గొండ జిల్లాకు చెందిన ఒక రైతు జీవన్మృతుడైతే, కుటుంబం ఒప్పుకుంది. ఆయన గుండెను నాగోలు నుండి జూబ్లీహిల్స్‌కు 21 కిలోమీటర్లు అరగంట లోపే ఎక్కడా ఆగకుండా చేర్చారు. మార్పిడి చేసినది డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం. 2016లో మన గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గుండె మార్పిడి చేసినదీ ఆయనే. ఆ ఏడే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2023 జనవరిలో విశాఖపట్నం నుండి విమానంలో వచ్చిన గుండెను తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో ఒక బాలుడికి అమర్చారు.

ఈ మార్గంలో మిషను ఆసుపత్రుల పాత్ర కూడా ఉంది. మన దేశంలో బ్రతికి ఉన్న దాత ఇచ్చిన మూత్రపిండాన్ని మొదట విజయవంతంగా అమర్చినది 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. దేశంలో మొదటి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ గారు రాజమండ్రిలో పుట్టిన తెలుగువారు. ఆ రోజు గుర్తుగానే 2023 నుండి ఆగస్టు 3ను అవయవదాన దినంగా జరుపుతున్నారు. ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి చేసిన డాక్టర్ క్రిస్టియన్ బర్నార్డ్ దక్షిణాఫ్రికాలో ఒక మిషనరీ బోధకుని కుమారుడు. 1967 డిసెంబరు 3న ఆయన ఆ ఆపరేషను చేశారు. కారు గుద్దిన ప్రమాదంలో భార్యను పోగొట్టుకున్న ఒక తండ్రి, అదే ప్రమాదంలో జీవన్మృతురాలైన కూతురి గుండెను ఇవ్వడానికి ఒప్పుకోబట్టే అది సాధ్యమైంది. ఆ గుండె పొందిన రోగి 18 రోజులే జీవించాడు. అయినా ఆ తండ్రి చెప్పిన ఒక్క 'సరే' తరువాత ఎన్నో వేలమందికి దారి తెరిచింది.

సంఘ సభ్యులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: అవయవాలు ఇస్తామంటే డాక్టర్లు చికిత్స తొందరగా ఆపేస్తారేమో?
జవాబు: చికిత్స చేసేవారు వేరు, మార్పిడి చేసేవారు వేరు. నలుగురు డాక్టర్లు రెండుసార్లు పరీక్షించి, మరణం నిర్ధారించిన తరువాతే దానం మాట వస్తుంది. అనుమానం ఉంటే పరీక్షల సంగతి అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

ప్రశ్న: పునరుత్థాన దినమున దేహం పూర్తిగా లేకపోతే ఎలా?
జవాబు: ఇది మమ్మల్ని ఎక్కువమంది అడిగిన ప్రశ్న. సముద్రంలో పోయినవారిని, అగ్నిలో పోయినవారిని లేపగల దేవునికి ఒక మూత్రపిండం కొరత అడ్డుకాదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయం కుటుంబమంతా కలిసి చదవండి. ఇంకా సందేహముంటే పాస్టరుగారిని అడగండి.

ప్రశ్న: ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? డబ్బు ఇస్తారా?
జవాబు: కుటుంబం అంగీకరించిన తరువాత దానం కోసం అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడకూడదని నిబంధన ఉంది. డబ్బు ఇవ్వరు, తీసుకోకూడదు. అవయవాలు కొనడం, అమ్మడం నేరం. కిడ్నీల అమ్మకాల వార్తలు మన ప్రాంతంలోనూ విన్నాము. అప్పులు తీరుస్తామని ఎవరైనా దళారీ వస్తే దగ్గరకు రానివ్వకండి. దానమైన అవయవాలు ఎవరికి వెళ్ళాలో ప్రభుత్వ 'జీవన్‌దాన్' పథకంలో ఉన్న వరుస ప్రకారం నిర్ణయిస్తారు.

ప్రశ్న: ఇంట్లో వయసు మీరి చనిపోతే ఏమీ ఇవ్వలేమా?
జవాబు: గుండె, కాలేయం వంటివి ఆసుపత్రిలో వెంటిలేటరు మీద జీవన్మృతి అయినవారి నుండే తీస్తారు. కాని కళ్ళు ఎక్కడ చనిపోయినా ఇవ్వవచ్చు. షుగరు, బి.పి., కళ్ళద్దాలు, శుక్లాల ఆపరేషను అడ్డుకావు. ఆరు గంటల లోపల నేత్రనిధి వారికి తెలియజేయాలి. వారు వచ్చేలోపు కనురెప్పలు మూసి, తడి దూది పెట్టండి. ఫ్యాను ఆపండి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి. పని అరగంట కూడా పట్టదు, ముఖం వికారంగా మారదు.

ఇంట్లో చేయవలసినది

ఆధార్‌తో ఆన్‌లైనులో ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. అది మంచిదే. కాని కార్డు జేబులో ఉన్నా, ఆ సమయంలో సంతకం చేయవలసింది ఇంటివారే. వారికి మీ మనసు తెలియకపోతే కార్డు కాగితంగానే మిగులుతుంది. పదకొండేళ్ళకు పైగా చదివిన సర్జను, సిద్ధంగా ఉన్న థియేటరు, ఖాళీ చేసిన రోడ్డు, ఇవన్నీ ఐ.సి.యు. బయట బల్ల మీద ఏడుస్తూ కూర్చున్న ఒక తల్లి మాట కోసం ఆగి ఉంటాయి. ఆ ఘడియలో ఆమె మొదటిసారి ఈ మాట వినకూడదు.

కనుక ఈ వారం కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక పది నిమిషాలు దీని గురించి మాట్లాడుకోండి. "నాకేమైనా అయితే ఇవ్వండి" అన్నా సరే, "నాకు ఇష్టం లేదు" అన్నా సరే, అది మీ వారికి తెలిసి ఉండాలి. ఇష్టం లేనివారిని తప్పు పట్టవద్దు. అలాగే, అవయవదానం చేయకుండానే ఇల్లు చేరడం అన్నిటికన్నా మేలు. బండి తీసే ప్రతివారూ హెల్మెట్ పెట్టుకోండి. క్వారీ లారీలు తిరిగే రోడ్డులో రాత్రివేళ మరింత జాగ్రత్త.

యెరికో దారిలో పడి ఉన్నవాని కోసం ఆగిన సమరయుడు తన నూనె, ద్రాక్షారసం, తన గాడిద, తన డబ్బు ఇచ్చాడు. ఆయన దగ్గర ఉన్నది ఆయన ఇచ్చాడు. మన దగ్గర ఏమున్నదో ఇప్పుడు మనకు తెలిసింది.

ఆ తల్లి ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళే ముందు చదివింది. తన సంగతి రాయమని ఆమే చెప్పింది. తన కళ్ళు ఇవ్వాలని కూతురితో చెప్పి ఉంచానని కూడా చెప్పింది. ఈసారి ఎవరైనా అర్ధరాత్రి ఫోను చేస్తే, "మీ ఇష్టం అమ్మా" అనే ముందు ఏమి చెప్పాలో మా నర్సులందరికీ నేర్పించాము. సందేహం ఉన్నవారు పగలైనా రాత్రయినా మా వార్డుకు రండి.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.

మీ నర్సింగ్ సూపరింటెండెంటు మరియు నర్సింగ్ విభాగము