సాంబ మసూరి డి.ఎన్.ఎ.లో మూడు జన్యువులు

వరి ఆకుల అంచులు కొన నుండి కిందికి అలల వలె పసుపుబారి ఎండిపోవడం బ్యాక్టీరియా ఎండాకు తెగులు లక్షణం. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) సన్నని గింజకు, అన్నం రుచికి పేరు పొందినా ఈ తెగులుకు సులభంగా లోనవుతుంది. సోకిన తరువాత దీనిని సమర్థంగా అదుపు చేయగల రసాయనం లేదు. కాబట్టి రక్షణ మొక్కలోనే, అంటే దాని డి.ఎన్.ఎ.లోనే ఉండాలి.

వరి కణంలో 12 జతల క్రోమోజోములుంటాయి. ఒక్కొక్క సమితిలో దాదాపు 38.9 కోట్ల క్షార జతలున్నాయి. అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాల వరుసక్రమమే ఏ ప్రోటీను ఏ రూపంలో, ఎక్కడ, ఎప్పుడు తయారు కావాలో నిర్దేశిస్తుంది. సాంబ మసూరి పూర్వీకులలో ఒకటైన తైచుంగ్ నేటివ్-1లో, జిబ్బరెల్లిన్ తయారీకి తోడ్పడే జన్యువులో 383 క్షార జతలు లోపించాయి. ఆ హార్మోను తగ్గడం వల్లనే కాండం పొట్టిదైంది. పొట్టితనం కంటికి కనిపిస్తుంది. తెగులును తట్టుకునే శక్తి అలా కనిపించదు.

ఆ శక్తినిచ్చే జన్యువులలో ఎక్స్.ఎ.21 ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చింది. ఇది బ్యాక్టీరియా ఉనికిని పసిగట్టే గ్రాహక ప్రోటీనును తయారుచేస్తుంది. ఎక్స్.ఎ.5లో జరిగిన మార్పు అతి స్వల్పం: రెండు క్షారాలు మారగా ప్రోటీనులోని 39వ స్థానంలో వాలీన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరింది. దీనితో మొక్క జన్యువులను తనకు అనుకూలంగా పనిచేయించే బ్యాక్టీరియా ప్రోటీనులకు పట్టు చిక్కదు. ఎక్స్.ఎ.13 కథ మరింత ఆసక్తికరం. ఆ జన్యువు మామూలు రూపం కణం నుండి చక్కెరను బయటకు పంపే ప్రోటీనుకు మూలం. బ్యాక్టీరియా దానిని ప్రేరేపించి తన ఆహారం సంపాదించుకుంటుంది. నిరోధక రూపంలో ప్రోటీను మారలేదు, జన్యువును ప్రేరేపించే భాగంలోని క్షారాలు మాత్రమే మారాయి. పుప్పొడి వృద్ధికి కూడా ఈ జన్యువు అవసరం కనుక దానిని పూర్తిగా తొలగించి ఉంటే గింజకే ముప్పు వచ్చేది.

ఈ మూడింటినీ సాంబ మసూరిలో చేర్చడంలో ఒక చిక్కు ఉంది. ఎక్స్.ఎ.5, ఎక్స్.ఎ.13 అంతర్గత జన్యువులు. రెండు ప్రతులూ నిరోధక రూపంలో ఉంటేనే ప్రభావం పూర్తిగా వ్యక్తమవుతుంది. పైగా ఎక్స్.ఎ.21 ఒక్కటి ఉన్నా మొక్క తెగులును తట్టుకోగలదు కనుక, మిగిలినవి వచ్చాయో లేదో మడిలో తేల్చడం కష్టం. ఒకే జన్యువుతో సరిపెట్టుకుంటే, దానిని అధిగమించే బ్యాక్టీరియా తెగలు వ్యాపించే ప్రమాదముంది. అందుచేత హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయం శాస్త్రవేత్తలు ప్రతి తరంలోనూ డి.ఎన్.ఎ. మార్కర్లతో మొక్కలను పరీక్షించి, ఎంపికైన వాటిని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరిచారు. అలా రూపొందిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరణ ఫలితమే. అయినా నత్రజని మోతాదు మించరాదన్న సలహా ఈ రకానికీ వర్తిస్తుంది.

ఇది శుద్ధ వంశక్రమం కావడం వల్ల రైతు తన పంట నుండే విత్తనం దాచుకోవచ్చు. కానీ పాత, కొత్త రకాల గింజలు చూపుకు ఒకేలా ఉంటాయి. కళ్లంలో పాత సాంబ మసూరి కలిసినా గింజను చూసి గుర్తించలేరు. అనుమానం కలిగినప్పుడు తెగులు వచ్చేదాకా వేచి చూడవలసిన పనిలేదు. కొద్దిపాటి లేత ఆకు నుండి తీసిన డి.ఎన్.ఎ.ను పరీక్షిస్తే ఆ మొక్కలో మూడు జన్యువులున్నదీ లేనిదీ తెలుస్తుంది.