డొమినియన్‌లో ఏ ఎత్తు గెలుస్తుంది?

డోనాల్డ్ ఎక్స్. వాకరీనో రూపొందించిన డొమినియన్ ఆట 2008లో వచ్చింది. మరుసటి ఏడాదే జర్మనీలో ‘స్పీల్ దెస్ యారెస్’ పురస్కారం అందుకుంది. ఉన్న పేకను పంచుకుని ఆడే ఆట కాదిది. ఆడుతూనే ఎవరి పేకను వారు కూర్చుకోవాలి. మొదట అందరికీ ఒకటే పది ముక్కలు: 7 కాపర్లు (నాణేల ముక్కలు), 3 ఎస్టేట్లు (పాయింట్ల ముక్కలు). వంతుకు చేతిలో ఐదు ముక్కలు, ఒక యాక్షన్, ఒక కొనుగోలు. 8 నాణేలు కూడితే 6 పాయింట్ల ప్రావిన్స్ దక్కుతుంది. ఏ దారిన అక్కడికి చేరాలన్న దగ్గరే అపోహలన్నీ.

అపోహ: యాక్షన్ ముక్కలు ఎన్ని కొంటే అంత బలం.

వాస్తవం: స్మితీ వేస్తే మూడు ముక్కలు వస్తాయి. అందులో ఇంకో స్మితీ ఉంటే వేయడానికి యాక్షన్ మిగలదు. విలేజ్ ఒక ముక్క, రెండు యాక్షన్లు ఇస్తుంది గానీ, చేతిలో మూడు విలేజ్‌లుండి స్మితీ ఒక్కటీ లేకపోతే ఆ యాక్షన్లు దేనికీ అక్కరకు రావు. అందుకే ఎక్కువ నాణేల ముక్కలైన సిల్వర్, గోల్డ్, ఆపై ప్రావిన్స్ కొంటూ మధ్యలో ఒకటి రెండు స్మితీలతో సరిపెట్టుకునేవారు, కనిపించిన యాక్షనల్లా పోగేసిన కొత్తవారిని తేలిగ్గా ఓడిస్తారు. ఈ పద్ధతి పేరు ‘బిగ్ మనీ’.

అపోహ: అయితే ఎప్పుడూ బిగ్ మనీయే మేలు.

వాస్తవం: ఆ ఆటకు ఎంచుకుని బల్ల మీద పెట్టిన పది రకాల ముక్కల కుప్పలేవో చూడకుండా ఆ మాట అనకూడదు. చేతిలో ఒక విలేజ్, రెండు స్మితీలు ఉన్నాయనుకుందాం. వరసగా వేస్తే ఆ మూడూ పోను తొమ్మిది ముక్కలు చేతిలో ఉంటాయి. అదనపు కొనుగోలు ఇచ్చే మార్కెట్ కూడా తోడైతే ఒకే వంతులో రెండు ప్రావిన్స్‌లు కొనవచ్చు. గార్డెన్స్, ఉచితంగా ముక్క తెచ్చిపెట్టే వర్క్‌షాప్ ఉన్న బల్ల మీదైతే లెక్కే తిరగబడుతుంది: పేకలోని ప్రతి పది ముక్కలకూ ఒక్కో గార్డెన్స్‌కు ఒక పాయింటు కాబట్టి, లావుపాటి పేకే లాభం.

అపోహ: ఉన్న ముక్కను పారేయడం నష్టం.

వాస్తవం: చెత్త ముక్క వదిలించుకోవడం రమ్మీ ఆడేవారికి కొత్త కాదు. కానీ ఇక్కడ కాపర్ కూడా చెత్తేనంటే చాలామందికి మనసొప్పదు. 2 నాణేల చాపెల్ ఒక్కసారికి నాలుగు ముక్కల దాకా ఆటలోంచే తీసేస్తుంది. మొదటి రెండు వంతుల్లో సిల్వర్, చాపెల్ కొన్నవారి పేకలో 12 ముక్కలు, 9 నాణేలు (కాపర్లవి 7, సిల్వర్‌ది 2). ఐదు ముక్కల చేతికి సగటున 3.75. మూడో వంతులో చాపెల్, మూడు ఎస్టేట్లు, ఒక కాపర్ వచ్చాయి. నాలుగూ తీసేస్తే ఆ వంతులో కొనడానికేమీ ఉండదు. కానీ మిగిలిన 8 ముక్కల్లో 8 నాణేలు. చేతికి సగటున 5. ఒక్క వంతు ఓపికకు ఇంత ఫలం ఈ ఆటలో అరుదు.

అపోహ: 8 నాణేలుంటే ప్రావిన్స్ కొనాల్సిందే.

వాస్తవం: ఇద్దరి ఆటలో రెండే ప్రావిన్స్‌లు మిగిలాయి. వంతు వచ్చినవారు 2 పాయింట్లు వెనక. ప్రావిన్స్ కొంటే 4 ముందుకు వెళతారు. ఎదుటివారు చివరిది కొని 2 పాయింట్ల ఆధిక్యంతో ఆట ముగిస్తారు. 3 పాయింట్ల డచీ కొంటే 1 ముందు. అప్పుడు ఎదుటివారు ప్రావిన్స్ కొంటే, డచీ కొన్నవారు చివరి ప్రావిన్స్‌తో 1 పాయింటు తేడాతో గెలవవచ్చు. ఇది గ్రహించిన ఎదుటివారు కూడా డచీ వైపే చెయ్యి చాపుతారు.