తుపాను కాలానికి ముందు విద్యుత్ లైన్ల సన్నద్ధత: ఫ్లోరిడా అనుభవం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తుపాను గాలులకు విద్యుత్ లైన్లు కూలడం సహజ విపత్తులో అనివార్య భాగమని సాధారణంగా భావిస్తారు. ఏ లైను కూలుతుంది, ఎన్ని రోజులకు తిరిగి నిలుస్తుంది అన్న అంశాలు చాలావరకు తుపానుకు ఏళ్ల ముందు తీసుకున్న నిర్ణయాలపై ఆధారపడి ఉంటాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2004, 2005 సంవత్సరాల హరికేన్ల తరువాత చేపట్టిన సంస్కరణల ఆధారంగా ఈ వ్యాసం ఆ విషయాన్ని వివరిస్తుంది. స్తంభాల తనిఖీ, చెట్ల నిర్వహణ, లైన్ల బలోపేతం, భూగర్భ కేబుళ్లు, పునరుద్ధరణ ప్రణాళిక అనే అంశాలను పరిశీలించి, చివర విశాఖపట్నం అనుభవంతో పోలుస్తుంది.

కీలక పదాలు: హరికేన్, విద్యుత్ పంపిణీ, స్తంభాల తనిఖీ, భూగర్భ కేబుల్, పునరుద్ధరణ, ఫ్లోరిడా, హుద్‌హుద్.

1. ఉపోద్ఘాతం:
అట్లాంటిక్ సముద్రంలో హరికేన్ల కాలం ఏటా జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. మూడు వైపులా సముద్రం ఉన్న ఫ్లోరిడాకు ఈ ఆరు నెలలూ పరీక్షా కాలమే. 2004లో చార్లీ, ఫ్రాన్సిస్, ఐవన్, జీన్ అనే నాలుగు హరికేన్లు కొద్ది వారాల వ్యవధిలో ఆ రాష్ట్రాన్ని తాకాయి. మరుసటి ఏడాది డెనిస్, కత్రినా, విల్మా వచ్చాయి. 2005 అక్టోబరు 24న తీరం దాటిన విల్మా వల్ల, రాష్ట్రంలో అతిపెద్ద విద్యుత్ సంస్థ అయిన ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ పరిధిలో సుమారు 32 లక్షల ఖాతాలకు సరఫరా నిలిచిపోయింది. అందరికీ తిరిగి అందించడానికి 18 రోజులు పట్టింది.

వరుసగా రెండేళ్లు ఇలా జరగడంతో ఒక ప్రశ్న ముందుకు వచ్చింది. ప్రతిసారీ కూలినదాన్ని ఉన్నట్లుగానే తిరిగి నిలబెట్టడమేనా, లేక కూలకుండా ముందే కట్టుకోవచ్చా? ఈ ప్రశ్నకు ఫ్లోరిడా వెతికిన సమాధానమే ఈ వ్యాసానికి ఆధారం.

2. లైను ఎందుకు కూలుతుంది?
గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. రెండు స్తంభాల మధ్య దూరం 50 మీటర్లు, తీగ మందం 2 సెంటీమీటర్లు అనుకుంటే, గాలికి ఎదురయ్యే వైశాల్యం ఒక చదరపు మీటరు. గంటకు 97 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఆ తీగను సుమారు 45 కిలోల బలంతో నెడుతుంది. అదే గాలి గంటకు 180 కిలోమీటర్లకు చేరితే ఆ బలం 156 కిలోలవుతుంది. మూడు తీగలున్న లైనులో ఒక్కో స్తంభం తలపై 470 కిలోలకు దగ్గరగా పక్క బలం పడుతుంది. స్తంభం మీద, దానికి తగిలించిన టెలిఫోన్, కేబుల్ టీవీ తీగల మీద పడే ఒత్తిడి దీనికి అదనం.

ఈ బలమంతా స్తంభాన్ని నేలమట్టం వద్ద వంచడానికి ప్రయత్నిస్తుంది. గుండ్రని కర్ర స్తంభం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసానికి ఘనంగా మారుతుంది. అంటే నేల దగ్గర పుచ్చి వ్యాసం పదో వంతు తగ్గితే, బలం పదో వంతు కాదు, నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ఒక స్తంభం విరిగితే దాని తీగలు పక్క స్తంభాలను లాగుతాయి. పొడవైన తిన్నని లైనులో మధ్య మధ్య స్టే వైర్లతో బిగించిన గట్టి స్తంభాలు లేకపోతే, ఒకటి కూలడంతో వరుసంతా పడిపోతుంది.

అయితే పంపిణీ లైన్లలో నష్టం ఎక్కువగా జరిగేది నేరుగా గాలి వల్ల కాదు. విరిగిన కొమ్మలు, కూలిన చెట్లు, ఎగిరివచ్చిన కప్పు రేకులు తీగలమీద పడటం వల్ల. కాబట్టి స్తంభాన్ని ఎంత బలంగా కట్టినా, దాని పక్కనున్న చెట్టును పట్టించుకోకపోతే సన్నద్ధత సగమే అవుతుంది.

3. నియమావళిలోని మినహాయింపు:
అమెరికా జాతీయ విద్యుత్ భద్రతా నియమావళిలో తీవ్రమైన గాలులకు ప్రత్యేక నిబంధన ఉంది. అయితే నేల నుంచి 60 అడుగులకు, అంటే సుమారు 18 మీటర్లకు మించని నిర్మాణాలకు అది వర్తించదు. ఊళ్లలో, వీధుల్లో కనిపించే పంపిణీ స్తంభాలన్నీ దాదాపు ఈ ఎత్తుకు లోపలివే. చెట్లు, రేకులు పడి దెబ్బతినే చిన్న స్తంభాలను గాలి లెక్కతో మాత్రమే కాపాడలేమన్నది ఈ మినహాయింపు వెనుక ఉన్న తర్కం. ఫలితంగా ఫ్లోరిడా వంటి మంచు పడని ప్రాంతాల పంపిణీ లైన్లు గంటకు సుమారు 97 కిలోమీటర్ల గాలి ఒత్తిడిని ఆధారం చేసుకుని, దానిపై భద్రతా గుణకాలు కలిపి రూపొందేవి.

విల్మా తరువాత ఎఫ్‌పీఎల్ ఈ మినహాయింపును వదులుకుంది. ప్రాంతాన్ని బట్టి గంటకు సుమారు 169, 209, 233 కిలోమీటర్ల గాలులను తట్టుకునేలా ప్రధాన ఫీడర్లను బలపరచడం మొదలుపెట్టింది. ఆసుపత్రులకు, అత్యవసర సేవల కేంద్రాలకు వెళ్లే ఫీడర్లకు మొదటి స్థానం ఇచ్చింది. తరువాత కిరాణా దుకాణాలు, పెట్రోలు బంకులు, మందుల దుకాణాలు ఉన్న ప్రధాన రహదారుల లైన్లను తీసుకుంది. ప్రతి ఇంటికీ కరెంటు రావడానికి రోజులు పట్టినా, నడిచి వెళ్లగల దూరంలో ఆహారం, మందులు దొరికితే ఊరు నిలదొక్కుకుంటుందన్న ఆలోచన ఇందులో ఉంది.

4. తనిఖీ, చెట్ల నిర్వహణ:
2006లో ఫ్లోరిడా ప్రజా సేవల కమిషన్ రెండు ముఖ్యమైన ఆదేశాలు ఇచ్చింది. ఒకటి, ప్రతి కర్ర స్తంభాన్నీ ఎనిమిదేళ్లకు ఒకసారి తనిఖీ చేయాలి. రెండు, తుపాను సన్నద్ధతకు పది అంశాల కార్యక్రమం అమలు చేయాలి. పంపిణీ లైన్ల వెంట మూడేళ్లకోసారి చెట్ల కత్తిరింపు, ప్రసార నిర్మాణాలకు ఆరేళ్లకోసారి తనిఖీ, ఇతర సంస్థల తీగల లెక్క, స్థానిక ప్రభుత్వాలతో సమన్వయం మొదలైనవి ఆ పది అంశాల్లో ఉన్నాయి.

స్తంభం తనిఖీ చూడటానికి చిన్న పని. స్తంభం చుట్టూ సుమారు 45 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, సుత్తితో తట్టి శబ్దం వింటారు. అనుమానం వస్తే రంధ్రం చేసి లోపలి చెక్కను పరీక్షిస్తారు. తేమ, గాలి రెండూ అందే నేలమట్టం దగ్గరే శిలీంధ్రాలు కర్రను తింటాయి. పైకి దిట్టంగా కనిపించే స్తంభం అక్కడ డొల్లగా ఉండవచ్చు. బలం మిగిలి ఉంటే మందు పట్టిస్తారు, తగ్గితే ఉక్కు బద్దను పక్కన పాతి బిగిస్తారు, పనికిరాకపోతే మారుస్తారు. స్తంభం బలంతోపాటు దానిపై ఉన్న భారాన్నీ లెక్కించడం ఈ తనిఖీలో ముఖ్యమైన భాగం. ఇరవై ఏళ్ల క్రితం సరిపోయిన స్తంభానికి తరువాత చేరిన కేబుల్ తీగలు మోయలేనంత భారం కావచ్చు.

చెట్ల విషయం ఇంతకన్నా చిక్కైనది. లైను కింద ఉన్న హద్దులో కొమ్మలు నరికే హక్కు సంస్థకు ఉంటుంది. కానీ ఆ హద్దుకు అవతల, ఇంటి పెరట్లో ఉన్న పెద్ద చెట్టు వేళ్లతో సహా పెకలించుకుని తీగలమీద పడితే కత్తిరింపు వల్ల ప్రయోజనం ఉండదు. యజమాని అనుమతి లేకుండా ఆ చెట్టును తాకలేరు. నీడకోసం, అందంకోసం చెట్లు పెంచుకున్న ప్రజలకూ విద్యుత్ సంస్థకూ మధ్య ఈ వివాదం ఎప్పటికీ ఉండేదే.

5. భూగర్భ కేబుల్ – ప్రయోజనాలు, పరిమితులు:
లైన్లను భూమిలో వేస్తే సమస్య పూర్తిగా తీరుతుందన్నది సాధారణ అభిప్రాయం. గాలికీ చెట్లకూ భూగర్భ కేబుళ్లు చాలావరకు సురక్షితమే. అందుకే ఎఫ్‌పీఎల్ 2018లో, పెరళ్ల వెనుక చెట్ల మధ్యగా సాగే వీధి లైన్లను భూమిలోకి మార్చే ప్రయోగాత్మక కార్యక్రమం ప్రారంభించింది. ప్రధాన ఫీడర్లను గట్టిపరచడం, చిన్న శాఖా లైన్లను భూమిలోకి మార్చడం అనే విభజన ఇక్కడ గమనించదగినది.

అయితే భూగర్భ వ్యవస్థకు శత్రువు గాలి కాదు, నీరు. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను తెచ్చిన ఉప్పెన న్యూయార్క్‌లోని ఒక ముఖ్యమైన సబ్‌స్టేషన్‌ను ముంచెత్తగా, భూగర్భ కేబుళ్లకు పేరుపొందిన దిగువ మన్‌హాటన్ చీకటిలో మునిగింది. ఉప్పునీరు చేరిన స్విచ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు తుప్పు పట్టి నెలల తరువాత కూడా చెడిపోవచ్చు. కేబుల్‌లో లోపం వస్తే ఎక్కడుందో కంటికి కనబడదు. పరికరాలతో వెతికి, తవ్వి, అతుకు వేయాలి. కాబట్టి ఉప్పెన చేరే తీరంలో సబ్‌స్టేషన్ పరికరాలను ఎత్తులో పెట్టడం, నీటిమట్టాన్ని తెలిపే సెన్సర్లు అమర్చడం, నీరు చేరేలోపే సరఫరా ఆపడం సన్నద్ధతలో భాగమవుతాయి. నీరు చేరకముందే ఆపిన సబ్‌స్టేషన్‌ను శుభ్రం చేసి తిరిగి వాడవచ్చు. విద్యుత్తు ఉండగా మునిగినదాన్ని చాలాసార్లు మార్చవలసిందే.

పంపిణీ లైన్లు ఎంత గట్టివైనా వాటికి విద్యుత్తును తెచ్చే మార్గం నిలవాలి. 2021 ఆగస్టు 29న ఐడా హరికేన్ వల్ల న్యూ ఆర్లీన్స్ నగరానికి వచ్చే ఎనిమిది ప్రసార లైన్లూ దెబ్బతిని నగరమంతా సరఫరా ఆగిపోయింది. మిసిసిపీ నదిని దాటే లైనుకు చెందిన టవరు ఒకటి కూలిపోయింది. ఎనిమిది మార్గాలున్నా, అన్నీ ఒకే తుపానుకు గురయ్యేచోట ఉంటే అవి ప్రత్యామ్నాయాలు కాలేవు.

6. పునరుద్ధరణ కూడా సన్నద్ధతే:
తుపాను దారి తెలిశాక మిగిలేది మూడు నాలుగు రోజులు. ఆ సమయంలో కొత్త స్తంభాలు వేయలేరు. చేయగలిగింది మనుషులనూ సామగ్రినీ సమకూర్చడమే. పొరుగు రాష్ట్రాల సంస్థలతో ముందే ఉన్న పరస్పర సహాయ ఒప్పందాల ప్రకారం లైన్‌మన్ బృందాలను పిలిపిస్తారు. తుపాను దారికి దూరంగా మైదానాల్లో శిబిరాలు ఏర్పాటు చేసి స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇంధనం, భోజనం, పడకలు సిద్ధం చేస్తారు. గాలి వేగం గంటకు సుమారు 56 కిలోమీటర్లు దాటితే మనిషిని పైకెత్తే వాహనాలు వాడరు. అందువల్ల గాలి తగ్గేదాకా వేచి ఉండక తప్పదు.

పనుల క్రమం కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. మొదట ప్రసార లైన్లు, సబ్‌స్టేషన్లు. తరువాత ఆసుపత్రులు, నీటి సరఫరా కేంద్రాలకు వెళ్లే ఫీడర్లు. ఆపై తక్కువ సమయంలో ఎక్కువ మందికి సరఫరా ఇచ్చే మరమ్మతులు. చివర ఒక్కొక్క ఇంటి లైను.

ఈ ఏర్పాటు కొరవడితే ఏమవుతుందో 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ తాకిన ప్యూర్టోరికో చూపింది. అప్పటికే దివాలా ప్రక్రియలో ఉన్న అక్కడి విద్యుత్ సంస్థ పరస్పర సహాయాన్ని వెంటనే కోరలేదు. పూర్తి పునరుద్ధరణకు దాదాపు 11 నెలలు పట్టింది. ఆ హరికేన్ అనంతర నెలల్లో సంభవించిన అదనపు మరణాల సంఖ్యగా అక్కడి ప్రభుత్వం 2018లో 2,975 అంచనాను అంగీకరించింది. ఇందులో కరెంటు లేకపోవడానికి మాత్రమే ఆపాదించదగిన సంఖ్యను వేరు చేయడం కష్టం. కానీ వైద్యం, తాగునీరు, సమాచారం అన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయన్నది స్పష్టం.

7. ఫలితాన్ని దేనితో కొలవాలి?
2017 సెప్టెంబరు 10న ఇర్మా హరికేన్ ఫ్లోరిడా తీరం దాటింది. ఎఫ్‌పీఎల్ పరిధిలో సుమారు 44 లక్షల ఖాతాలకు సరఫరా ఆగింది. ఇది విల్మా నాటి సంఖ్యకన్నా 12 లక్షలు ఎక్కువ. అయినా పునరుద్ధరణ 10 రోజుల్లో ముగిసింది. సరఫరా ఆగినవారి సంఖ్యనే కొలమానంగా తీసుకుంటే సంస్కరణలు విఫలమైనట్లు, రోజులను తీసుకుంటే ఫలించినట్లు కనిపిస్తుంది. కొమ్మ తగిలి ఆగిన లైనును సరిచేయడానికి గంటలు చాలు. స్తంభాలు విరిగిన లైనుకు రోజులు కావాలి. బలోపేతం మొదట మార్చేది రెండో రకం నష్టాన్నే. అయితే రెండు హరికేన్ల దారి, విస్తృతి, వేగం వేరు కాబట్టి, ఈ తేడా అంతటినీ సంస్కరణల ఖాతాలో వేయడం శాస్త్రీయం కాదు. ప్రతి తుపాను తరువాత ఏ స్తంభం ఎందుకు పడింది, పై లైన్లూ భూగర్భ లైన్లూ ఎలా ప్రవర్తించాయి అన్న సమాచారం సేకరించాలని 2006 కార్యక్రమంలోనే చేర్చడం ఇందుకే విలువైనది.

సగటులు దాచే విషయం మరొకటి ఉంది. ఇర్మా తరువాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ పట్టణంలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఎయిర్ కండిషనింగ్‌కు సరఫరా ఆగిపోయింది. భవనంలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కానీ వేడికి తాళలేక మరణించినవారిగా అధికారులు 12 మందిని నిర్ధారించారు. ఎదురుగా ఉన్న ఆసుపత్రి ప్రాధాన్య జాబితాలో ఉంది, ఈ కేంద్రం అగ్రస్థాయి జాబితాలో లేదు. ఆ తరువాతే ఇటువంటి కేంద్రాలకు జనరేటర్లు తప్పనిసరి చేస్తూ రాష్ట్రం నిబంధన తెచ్చింది. ఏ భవనాలు ‘అత్యవసరం’ అన్న జాబితా స్తంభం ఎంత ముఖ్యమో అంత ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

వ్యయం ఎవరు భరించాలన్నదీ ఇక్కడే తేలాలి. 2019లో ఫ్లోరిడా చేసిన చట్టం ప్రకారం విద్యుత్ సంస్థలు పదేళ్ల తుపాను రక్షణ ప్రణాళికను సమర్పించి, మూడేళ్లకోసారి సవరించాలి. ఆ ఖర్చును బిల్లులో ప్రత్యేక పద్దుగా వసూలు చేసుకోవచ్చు. అంటే చెల్లించేది వినియోగదారుడే. కాబట్టి ప్రణాళికను బహిరంగ విచారణలో పరిశీలించడం లాంఛనం కాదు, అవసరం.

8. విశాఖపట్నం అనుభవం:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో విద్యుత్ వ్యవస్థ ఛిన్నాభిన్నమైంది. తరువాత ప్రపంచ బ్యాంకు సహాయంతో చేపట్టిన పునర్నిర్మాణ ప్రాజెక్టులో నగరంలో భూగర్భ కేబుళ్లు వేయడం ఒక భాగమైంది. ఫ్లోరిడాలో లాగే ఇక్కడా విపత్తే మార్పుకు కారణం.

కానీ ఫ్లోరిడా పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకోలేము. తెలుగు నేలపై ఎక్కువగా కనిపించే సిమెంటు స్తంభం పుచ్చదు. అయితే పగులులోంచి ఉప్పుగాలి చేరితే లోపలి ఉక్కు తుప్పు పడుతుంది. వదులైన ఇసుక నేలలో మొదలు చాలినంత లోతులో లేకపోతే స్తంభం విరగకుండానే ఒరుగుతుంది. కాబట్టి సుత్తి తట్టి వినే తనిఖీకి బదులు పగుళ్లను, మొదలు దగ్గరి కాంక్రీటును, స్టే వైర్లను చూసే తనిఖీ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చిన ఉద్దానంలో చెట్టంటే నీడ కాదు, జీవనాధారం. అక్కడ కత్తిరింపు విధానం రైతుతో ఒప్పందం లేకుండా సాగదు. కాలం విషయంలోనూ తేడా ఉంది. బంగాళాఖాతంలో తుపానులు ప్రధానంగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండు విడతలుగా వస్తాయి. మధ్యలో నైరుతి వానలు. ఫ్లోరిడాకు ఆరు నెలల విరామం ఉంటే, మనకు ఎండిన నేలపై నిశ్చింతగా పనిచేసే వ్యవధి జనవరి నుంచి మార్చి వరకే.

9. ముగింపు:
తుపాను సన్నద్ధత అంటే హెచ్చరిక వచ్చాక జరిగే హడావిడి కాదని ఫ్లోరిడా అనుభవం చూపుతుంది. ఎనిమిదేళ్లకోసారి స్తంభం మొదట్లో మట్టి తీసి చూడటం, మూడేళ్లకోసారి కొమ్మలు నరకడం, పడిన ప్రతి స్తంభానికీ కారణం రాసిపెట్టడం వంటి చిన్న పనులను తుపాను రాని సంవత్సరాల్లో కూడా మానకపోవడమే దాని సారం. విపత్తు జ్ఞాపకం చెదిరినకొద్దీ ఇటువంటి పనులకు నిధులు తగ్గడం ఎక్కడైనా ఉన్నదే. వాటిని అధికారుల ఉత్సాహానికి వదలకుండా గడువులతో కూడిన నియమాలుగా మార్చడం ఫ్లోరిడా చేసిన ముఖ్యమైన పని. మన తీరానికి సంబంధించి స్తంభాల వైఫల్య కారణాలను తుపానువారీగా నమోదు చేసే అధ్యయనాలు జరిగితే, ఇక్కడి నేలకూ చెట్టుకూ కాలానికీ తగిన గడువులను నిర్ణయించుకోవడానికి అవి ఆధారమవుతాయి.